బొమ్మ నల్లగా, గొంతు బొంగురుగా: గేమ్ స్ట్రీమ్‌లో తప్పు ఎక్కడ జరుగుతుంది?

మీరు ఆడుతున్న గేమ్‌ని ఇంటర్నెట్‌లో లైవ్‌గా చూపిస్తున్నారు, అంటే స్ట్రీమ్ చేస్తున్నారు. గేమ్ మీ ముందు హాయిగా నడుస్తూ ఉంటుంది. హెడ్‌సెట్‌లో తుపాకుల మోత, తోటి ఆటగాళ్ల మాటలు అన్నీ వినిపిస్తూనే ఉంటాయి. చాట్‌లో మాత్రం ‘అన్నా, సౌండ్ రావట్లేదు’, ‘స్క్రీన్ బ్లాక్‌గా ఉంది బ్రో’ అని ఒకదాని వెనక ఒకటి. లైవ్ నడుస్తుండగా ఇది మొదలైతే టెన్షన్‌లో చేతికందిన సెట్టింగల్లా మార్చేస్తాం. కాసేపటికి అసలు తప్పు ఏదో, మనం కొత్తగా చేర్చిన తప్పు ఏదో తేలదు.

వెతికితే దొరికే సలహాలూ ఎప్పుడూ అవే. ‘అడ్మిన్‌గా రన్ చెయ్యి’, ‘డ్రైవర్ అప్‌డేట్ చెయ్యి’, ‘తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చెయ్యి’. చిత్రమేమిటంటే అవి కొందరికి నిజంగానే పనిచేస్తాయి. ఎందుకు పనిచేశాయో తెలియదు కాబట్టి రెండోసారి అదే మందు పనిచేయకపోతే దారి తోచదు. ఈ వ్యాసం ఆ ‘ఎందుకు’ గురించి. చాలామంది వాడేది విండోస్ మీద ఓబీఎస్ స్టూడియో అనే స్ట్రీమింగ్ సాఫ్ట్‌వేర్ కాబట్టి పేర్లు అందులోవే తీసుకున్నాను. వేరే సాఫ్ట్‌వేర్‌లో మెనూలు మారినా లోపల జరిగే పని చాలావరకు ఇదే.

మీరు చూసేది వేరు, స్ట్రీమ్‌కి వెళ్లేది వేరు

గ్రాఫిక్స్ కార్డ్ తయారుచేసిన ఫ్రేమ్, అంటే కదిలే బొమ్మలోని ఒక్కో చిత్రం, నేరుగా మీ మానిటర్‌కి పోతుంది. స్ట్రీమ్‌కి వెళ్లేది దాని కాపీ. ఆ కాపీ తీసుకోవడాన్నే క్యాప్చర్ అంటారు. ఓబీఎస్ ఆ కాపీకి మీ వెబ్‌క్యామ్‌నీ, అలర్ట్‌లనీ జోడించి ఒకే ఫ్రేమ్‌గా కూరుస్తుంది. తర్వాత ఎన్‌కోడర్ దాన్ని కుదించి చిన్నది చేస్తుంది. సెకనుకి ఎంత డేటాలోకి కుదించాలో చెప్పే అంకె బిట్‌రేట్. చివరగా నెట్‌వర్క్ దాన్ని ప్లాట్‌ఫామ్ సర్వర్‌కి మోసుకెళ్తుంది.

శబ్దానిది పూర్తిగా వేరే దారి. గేమ్, వాయిస్ చాట్, బ్రౌజర్ పంపే శబ్దాలను విండోస్ ఒక్కో ఆడియో డివైస్‌కి విడివిడిగా మిక్స్ చేస్తుంది. ఆ మిక్స్ కాపీని ఓబీఎస్ ‘డెస్క్‌టాప్ ఆడియో’ పేరుతో తీసుకుంటుంది. మైక్ మరో డివైస్. బొమ్మ, శబ్దం మొదటిసారి కలిసేది ఓబీఎస్‌లోనే. ఏ ముక్క ఏ క్షణానిదో చెప్పే టైమ్‌స్టాంప్‌లే వాటిని కలిపి ఉంచుతాయి.

ఇంత మాత్రం తెలిసినా కొన్ని అపోహలు వాటంతటవే పోతాయి. మైక్ మూగబోతే గ్రాఫిక్స్ డ్రైవర్‌కి దానితో సంబంధం లేదు. అలాగే స్ట్రీమ్‌తో పాటు అదే పీసీలో చేసిన రికార్డింగ్ చాలా విలువైన సాక్ష్యం. రికార్డింగ్‌లో అంతా శుభ్రంగా ఉండి, ప్రేక్షకులకు మాత్రం బొమ్మ ఆగి ఆగి వస్తోందంటే క్యాప్చర్ మీద అనుమానం అక్కర్లేదు. తప్పు పీసీ దాటాక ఉంది, లేదా స్ట్రీమ్ ఎన్‌కోడర్ దగ్గర ఉంది. రికార్డింగ్‌లోనూ గొంతు పగిలితే ఇంటర్నెట్‌ని తిట్టి లాభం లేదు.

నల్ల తెర వెనక మూడు రకాల క్యాప్చర్

ఓబీఎస్‌లో గేమ్ బొమ్మ తీసుకోవడానికి మూడు మార్గాలున్నాయి. పేర్లు దగ్గరగా ఉన్నా పనితీరులో పోలికే లేదు.

గేమ్ క్యాప్చర్ నేరుగా గేమ్ లోపలికి వెళ్తుంది. గేమ్ ప్రాసెస్‌లో ఒక చిన్న కోడ్ ముక్కను, అంటే హుక్‌ను పెట్టి, బొమ్మ గీయడానికి గేమ్‌లు వాడే డైరెక్ట్3డీ, ఓపెన్‌జీఎల్ లేదా వల్కన్ ద్వారా ఫ్రేమ్ బయటికి పంపే క్షణంలో దాన్ని అందుకుంటుంది. కాపీ గ్రాఫిక్స్ మెమరీలోనే జరుగుతుంది కాబట్టి భారం తక్కువ. కానీ వేరే ప్రోగ్రామ్‌లోకి కోడ్ చొప్పించడమంటే మోసం చేసే సాఫ్ట్‌వేర్లు చేసేదీ అదే. అందుకే ఆటలో మోసాన్ని పట్టే కొన్ని యాంటీ-చీట్ వ్యవస్థలు హుక్‌ను అడ్డుకుంటాయి. ఫలితం నల్ల తెర. ఓబీఎస్‌లో యాంటీ-చీట్‌తో సర్దుకుపోయే హుక్ ఆప్షన్ ఉన్నది ఈ గొడవ వల్లే.

‘అడ్మిన్‌గా రన్ చెయ్యి’ సలహా మూలం కూడా ఇక్కడే ఉంది. గేమ్ అడ్మినిస్ట్రేటర్ హోదాలో నడుస్తూ, ఓబీఎస్ మామూలు హోదాలో ఉంటే, తక్కువ హోదా ప్రోగ్రామ్ ఎక్కువ హోదా ప్రోగ్రామ్‌లోకి చొరబడకుండా విండోస్ ఆపుతుంది. ఓబీఎస్‌నీ అడ్మిన్‌గా తెరిస్తే హుక్ పడుతుంది. గేమ్ అసలు అడ్మిన్‌గా నడవకపోతే ఈ కారణంగా ఒరిగేదేమీ లేదు. అయితే ఇదే సలహాకి ఇంకో ప్రయోజనం ఉంది, దానికీ నల్ల తెరకీ సంబంధం లేదు. దాని సంగతి ల్యాగ్ దగ్గర వస్తుంది.

విండో క్యాప్చర్ గేమ్‌లోకి వెళ్లదు, విండోస్‌నే బొమ్మ అడుగుతుంది. అందులో పాత పద్ధతి బిట్‌బ్లిట్. గ్రాఫిక్స్ కార్డ్ నేరుగా గీసే విండోలు దానికి తరచూ నల్లగానే కనిపిస్తాయి. విండోస్ 10తో వచ్చిన గ్రాఫిక్స్ క్యాప్చర్ పద్ధతికి ఆ ఇబ్బంది లేదు. విండో చుట్టూ పసుపు గీత కనిపించిందంటే ఆ పద్ధతి పనిచేస్తున్నట్టు. మూడోది డిస్‌ప్లే క్యాప్చర్, మానిటర్ మొత్తాన్ని తీసుకుంటుంది. అన్నిటికంటే ఎక్కువ సందర్భాల్లో పనిచేసేదీ అదే, మీ ప్రైవేట్ మెసేజ్ నోటిఫికేషన్‌ని లోకానికి చూపించేదీ అదే.

కొందరు స్ట్రీమర్లు ఎప్పుడూ గేమ్ క్యాప్చరే వాడాలంటారు. భారం తక్కువ, గేమ్ తప్ప మరేదీ కనిపించదు అన్నది వాళ్ల వాదన. హుక్‌తో యాంటీ-చీట్‌ని కదిలించడం ఎందుకు, విండో క్యాప్చర్ చాలు అనేవాళ్లూ ఉన్నారు. పోటీ గేమ్‌లు ఆడేవాళ్లకు రెండో మాటలో పస ఉంది. మిగతావాళ్లకు మొదటిదే నయమనిపిస్తుంది.

ల్యాప్‌టాప్‌ల సంగతి విడిగా చెప్పుకోవాలి. చాలా గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో రెండు గ్రాఫిక్స్ చిప్‌లుంటాయి: ప్రాసెసర్‌లో కలిసి ఉండేది ఒకటి, గేమ్‌ల కోసం విడిగా ఉండేది ఒకటి. తెర మొదటిదానికి కలిపి ఉంటుంది, గేమ్ రెండోదాని మీద నడుస్తుంది. ఓబీఎస్ కూడా రెండోదాని మీదే నడుస్తోందనుకుందాం. గేమ్ క్యాప్చర్ చక్కగా వస్తుంది, ఎందుకంటే రెండూ ఒకే చిప్ మెమరీలో ఉన్నాయి. పాత డెస్క్‌టాప్ డూప్లికేషన్ పద్ధతిలో డిస్‌ప్లే క్యాప్చర్ మాత్రం నల్లగా వస్తుంది, ఎందుకంటే తెర బొమ్మ మొదటి చిప్ దగ్గర ఉంది. ఓబీఎస్‌ని మొదటి చిప్‌కి మార్చండి, ఇప్పుడు డిస్‌ప్లే వస్తుంది, గేమ్ క్యాప్చర్ పోతుంది. ఒకరు ‘పవర్ సేవింగ్ పెట్టు’ అనీ, ఇంకొకరు ‘హై పెర్ఫార్మెన్స్ పెట్టు’ అనీ చెప్పడం వింటుంటాం. ఇద్దరూ నిజమే చెబుతున్నారు, వాడిన క్యాప్చర్ రకమే వేరు.

బొమ్మ నల్లగా కాక వెలిసిపోయినట్టు వస్తే దారి వేరు. వీడియోలో నలుపు నుంచి తెలుపు వరకు 0–255 అంకెలు వాడేది ఫుల్ రేంజ్, 16–235 వాడేది లిమిటెడ్ రేంజ్. లిమిటెడ్‌లో 16గా రాసిన నలుపును ఫుల్ అనుకుని చదివితే అది ముదురు బూడిద రంగవుతుంది. హెచ్‌డీఆర్‌లో, అంటే మామూలు కంటే ఎక్కువ వెలుగు, రంగుల పరిధిలో, నడుస్తున్న గేమ్‌ని మామూలు రంగుల్లోకి సరిగ్గా దించకపోయినా ఇలాంటి పాలిపోయిన బొమ్మే వస్తుంది.

‘ల్యాగ్’ అనే ఒక్క మాటలో మూడు జబ్బులు

ఓబీఎస్ స్టాట్స్ విండోలో మూడు లెక్కలుంటాయి. రెండరింగ్ ల్యాగ్ వల్ల తప్పిన ఫ్రేమ్‌లు, ఎన్‌కోడింగ్ ల్యాగ్ వల్ల వదిలేసిన ఫ్రేమ్‌లు, నెట్‌వర్క్‌లో డ్రాప్ అయిన ఫ్రేమ్‌లు. చూసేవాళ్లకు మూడూ ఒకేలా, బొమ్మ ఆగి ఆగి వచ్చినట్టే ఉంటాయి. కారణాలు మాత్రం మూడు వేర్వేరు చోట్ల ఉన్నాయి.

మొదటిది గ్రాఫిక్స్ కార్డ్ దగ్గర. సెకనుకి 60 ఫ్రేమ్‌ల స్ట్రీమ్ అంటే ఒక్కో ఫ్రేమ్‌కి దక్కేది 16.7 మిల్లీసెకన్లు. ఆలోపు ఓబీఎస్ అన్నీ కూర్చి ఒక ఫ్రేమ్ తయారుచేయాలి. దానికి ఓ 2 మిల్లీసెకన్ల పని చాలనుకుందాం. గేమ్ ఫ్రేమ్ రేట్‌కి పరిమితి లేకుండా కార్డ్‌ని మొత్తం ఆక్రమిస్తే ఆ 2 మిల్లీసెకన్ల చోటు కూడా సమయానికి దొరకదు. గేమ్ మాత్రం మీకు 140 ఎఫ్‌పీఎస్‌తో (సెకనుకి 140 ఫ్రేమ్‌లు) పరుగెడుతూ కనిపిస్తుంది. అందుకే ‘నా పీసీ మస్తు ఫాస్ట్, మరి స్ట్రీమ్ ఎందుకు ల్యాగ్?’ అన్న ప్రశ్న వస్తుంది. గేమ్ ఫ్రేమ్ రేట్‌కి హద్దు పెట్టినవాళ్లకు ఈ ల్యాగ్ తగ్గేది ఇందుకే. అడ్మిన్ సలహాకి ఉన్న రెండో ప్రయోజనం కూడా ఇదే: విండోస్‌లో అడ్మిన్‌గా నడిచే ఓబీఎస్ గ్రాఫిక్స్ కార్డ్ దగ్గర తన పనికి ప్రాధాన్యం అడిగి తీసుకోగలదు.

రెండోది ఎన్‌కోడర్ అందుకోలేకపోవడం. ప్రాసెసర్ మీద నడిచే ఎక్స్‌264 అనే ఎన్‌కోడర్ దగ్గర ఇది ఎక్కువ, గేమ్‌కీ దానికీ అదే ప్రాసెసర్ కావాలి మరి.

మూడోది నెట్‌వర్క్. గంట స్ట్రీమ్‌లో 60 ఎఫ్‌పీఎస్ లెక్కన 2,16,000 ఫ్రేమ్‌లు. అందులో 1 శాతం పోయిందంటే 2,160 ఫ్రేమ్‌లు, మొత్తం కలిపితే 36 సెకన్ల బొమ్మ. గంటంతా ఒక్కో ఫ్రేమ్ చొప్పున పోతే ఎవరూ గమనించకపోవచ్చు. నెట్‌వర్క్ నష్టం అలా రాదు, గుంపులుగా వస్తుంది.

నెట్‌వర్క్ మోయలేక బిట్‌రేట్ పెంచలేనప్పుడు, రిజల్యూషన్ పెంచితే బొమ్మ బాగుంటుందన్న మాట అడ్డం తిరుగుతుంది. 1080పీ (1920×1080 పిక్సెళ్లు), 60 ఎఫ్‌పీఎస్‌లో సెకనుకి సుమారు 12.44 కోట్ల పిక్సెళ్లు. 6,000 కేబీపీఎస్ (సెకనుకి 60 లక్షల బిట్లు) బిట్‌రేట్‌ని వాటికి పంచితే ఒక్కో పిక్సెల్‌కి 0.048 బిట్. అదే బిట్‌రేట్‌తో 720పీ (1280×720) అయితే 0.109, అంటే రెట్టింపు కంటే ఎక్కువ. ఆకులు, వాన, పొగ నిండిన గేమ్‌లో 1080పీ బొమ్మ ముద్దముద్దగా, 720పీ బొమ్మ శుభ్రంగా కనిపించడానికి కారణం ఈ భాగహారమే. అది క్యాప్చర్ లోపం కాదు.

మూగబోయిన శబ్దం

శబ్దం అసలు రాకపోతే ఎక్కువసార్లు తేలేది ఒకటే: ఓబీఎస్ ఒక డివైస్‌ని వింటోంది, గేమ్ ఇంకో డివైస్‌కి పంపుతోంది. కొత్త హెడ్‌సెట్ పెట్టగానే విండోస్ దాన్ని డిఫాల్ట్‌గా చేసేయవచ్చు. ఓబీఎస్‌లో పాత స్పీకర్ల పేరు స్థిరంగా ఎంచుకుని ఉంటే అక్కడ ఇక నిశ్శబ్దమే. ‘డిఫాల్ట్’ అని ఉంచితే అది విండోస్ వెంట తిరుగుతుంది, కానీ గేమ్ తన సొంత సెట్టింగ్‌లో వేరే డివైస్‌ని ఎంచుకుంటే మళ్లీ అదే కథ.

మైక్ విషయంలో మరో రెండు అడ్డంకులున్నాయి. డెస్క్‌టాప్ యాప్‌లకు మైక్ అనుమతి ఇవ్వాలా వద్దా అనేది విండోస్ ప్రైవసీ సెట్టింగ్‌లో ఉంటుంది. ఒక యాప్ డివైస్‌ని ఎక్స్‌క్లూజివ్ మోడ్‌లో పూర్తిగా తన చేతిలోకి తీసుకుంటే మిగతావాటికి అది అందకుండా పోవచ్చు.

శబ్దం పూర్తిగా పోకుండా, మిత్రులతో వాయిస్ కాల్ కలవగానే గేమ్ మోత హఠాత్తుగా తగ్గిపోతే దాని వెనక విండోస్ పాత అలవాటొకటి ఉంది. కమ్యూనికేషన్ మొదలైందని గుర్తిస్తే మిగతా శబ్దాలను 80 శాతం తగ్గించడం అందులో డిఫాల్ట్ సెట్టింగ్. అది స్ట్రీమ్‌కి వెళ్లే కాపీలోనూ తగ్గుతుంది.

బ్లూటూత్ హెడ్‌సెట్ వాళ్ల బాధ మరీ ప్రత్యేకం. పాటలు వినేటప్పుడు బ్లూటూత్ ఏ2డీపీ అనే పద్ధతి వాడుతుంది. స్టీరియో, నాణ్యత బాగుంటుంది, కానీ అందులో మైక్ లేదు. మైక్ తెరవగానే హ్యాండ్స్-ఫ్రీ పద్ధతికి మారాలి. అక్కడ శబ్దం మోనో, శాంప్లింగ్, అంటే సెకనుకి శబ్దాన్ని ఎన్నిసార్లు కొలుస్తారన్న లెక్క, సాధారణంగా 8 లేదా 16 కిలోహెర్ట్జ్. 8 కిలోహెర్ట్జ్ శాంప్లింగ్‌లో 4 కిలోహెర్ట్జ్ పైన ఉన్న శబ్దమేదీ మిగలదు, పాత ల్యాండ్‌లైన్ ఫోన్ స్థాయి అది. మైక్ ఆపగానే అంతా బాగైపోతుంది కాబట్టి మనిషి మైక్‌నే అనుమానిస్తాడు, కొత్త మైక్ కొనేస్తాడు. విచిత్రంగా ఆ కొనుగోలు వృథా కాదు: వేరే యూఎస్‌బీ మైక్ వాడితే హెడ్‌సెట్ ఏ2డీపీలోనే ఉండిపోతుంది.

ఒకే శబ్దం రెండుసార్లు వెళ్తే

ఓబీఎస్ 28వ వెర్షన్ నుంచి ఒక్కో యాప్ శబ్దాన్ని విడిగా తీసుకునే సౌకర్యం ఉంది. దాంతో గేమ్‌ని ఒక చోట, వాయిస్ చాట్‌ని మరో చోట పెట్టుకోవచ్చు. ఇది వచ్చాక ఒక కొత్త తలనొప్పి మొదలైంది. గేమ్‌ని విడిగా చేర్చినవాళ్లు పాత డెస్క్‌టాప్ ఆడియోను మ్యూట్ చేయడం మరిచిపోతారు. అప్పుడు అదే శబ్దం రెండు దారుల్లో వస్తుంది.

రెండూ సరిగ్గా ఒకే క్షణంలో కలిస్తే శబ్దం 6 డెసిబెల్ పెరుగుతుంది. డిజిటల్ ఆడియోలో 0 అనేది పైకప్పు, దాని పైన చోటు లేదు. ఒక దారిలో గేమ్ పేలుళ్లు మైనస్ 4 దాకా వస్తున్నాయనుకుంటే రెండూ కలిసి ప్లస్ 2 కావాలి. అది కుదరదు కాబట్టి తరంగం పై కొన తెగిపోతుంది. మనకు వినిపించేది సౌండ్ పగలడం.

రెంటి మధ్య 1 మిల్లీసెకను తేడా ఉంటే ఇంకోలా చెడుతుంది. 500 హెర్ట్జ్ దగ్గర ఒక తరంగం పైకి లేచే సమయానికి రెండోది కిందికి దిగుతూ దాన్ని రద్దు చేస్తుంది. 1,500, 2,500 దగ్గర మళ్లీ అదే. గొంతు డబ్బాలోంచి వచ్చినట్టు బోలుగా వినిపిస్తుంది. తేడా సుమారు 30–50 మిల్లీసెకన్లు దాటాక చెవి వాటిని విడదీసి వింటుంది, దాన్నే ఎకో అంటాం. స్పీకర్ల శబ్దం మైక్‌లోకి వెళ్లడం, మీ గొంతు మీకే వినిపించేలా మైక్ మానిటరింగ్ పెట్టుకుని ఆ మానిటర్ అయిన డివైస్‌నే మళ్లీ క్యాప్చర్ చేయడం, ఇవన్నీ ఒకే కుటుంబంలో సభ్యులు.

రోబో గొంతు వీటిలో చేరదు. దానికి ఎక్కువసార్లు కారణం నాయిస్ సప్రెషన్ మీద నాయిస్ సప్రెషన్. మైక్ సాఫ్ట్‌వేర్ ఒకసారి, ఓబీఎస్ ఫిల్టర్ ఇంకోసారి చప్పుడు తీసేస్తూ చివరికి మాటల అంచులు కూడా కోసేస్తాయి.

అందరికీ డెస్క్‌టాప్ ఆడియో చాలంటారు కొందరు: ఒకే మూలం, తప్పుకి తావు తక్కువ. విడివిడి ఆడియో కావాలనేవాళ్లకూ బలమైన కారణం ఉంది. వాయిస్ చాట్‌లో మిత్రుడి మాట గేమ్ మోతలో మునిగితే, అన్నీ కలిసిన ఒకే మిక్స్‌ని తర్వాత ఎవరూ విడదీయలేరు. ఒంటరిగా ఆడేవాళ్లకు మొదటి పక్షం, గుంపుగా ఆడేవాళ్లకు రెండో పక్షం సరిపోతుందని నా అంచనా.

పెదాలు ముందు, మాట వెనక

బొమ్మకీ మాటకీ పొంతన తప్పితే అడగాల్సింది ఎంత తేడా అని కాదు, ఆ తేడా స్థిరంగా ఉందా, పెరుగుతోందా అని.

స్థిరమైన తేడాకి కారణం ఒక దారి రెండోదానికంటే పొడవుగా ఉండటం. క్యాప్చర్ కార్డ్ (వేరే పరికరం నుంచి వచ్చే బొమ్మను పీసీలోకి తెచ్చేది) బొమ్మను 100 మిల్లీసెకన్లు ఆలస్యంగా ఇస్తే, అంటే 60 ఎఫ్‌పీఎస్‌లో 6 ఫ్రేమ్‌లు, మైక్ మాట ముందుగా వినిపిస్తుంది. ఓబీఎస్‌లో మైక్‌కి 100 మిల్లీసెకన్ల సింక్ ఆఫ్‌సెట్ ఇస్తే రెండూ కలుస్తాయి. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ సిఫారసు బీటీ.1359 ప్రకారం శబ్దం 45 మిల్లీసెకన్లు ముందొస్తే మనుషులు పసిగట్టగలరు, వెనకపడితే 125 దాకా గమనించరు. ప్రకృతిలో వెలుగే ముందు, చప్పుడు తర్వాత కాబట్టి ఆలస్యపు శబ్దాన్ని మెదడు సర్దుకుంటుంది. అందుకే అనుమానంగా ఉన్నప్పుడు శబ్దం కాస్త వెనకున్న వైపే తక్కువ ఇబ్బంది.

పెరుగుతూ పోయే తేడాకి ఆఫ్‌సెట్ పనికిరాదు. మొదటి పది నిమిషాలు సరిచేసి, గంట తర్వాత మళ్లీ తప్పిందని వాపోయేవాళ్లు వెతకాల్సింది గడియారాల దగ్గర. ప్రతి ఆడియో పరికరంలో ఒక గడియారం ఉంటుంది. రెండు పరికరాలూ సెకనుకి 48,000 శాంపిళ్లు (శబ్దపు కొలతలు) అని చెప్పుకున్నా, పది లక్షలకు 50 వంతుల తేడా ఉంటే గంటకు 180 మిల్లీసెకన్లు పోగవుతుంది. మైక్, హెడ్‌ఫోన్ ఒకే ఆడియో ఇంటర్‌ఫేస్‌కి, అంటే వాటిని పీసీకి కలిపే ఒకే పరికరానికి, కలిపినవాళ్లకు ఈ సమస్య కనిపించదు, అక్కడ గడియారం ఒక్కటే.

మూడో రకం అన్నిటికంటే గందరగోళం: కాసేపు బాగుండి, ఉన్నట్టుండి శబ్దం చిరచిరలాడి ముక్కలవుతుంది. ఓబీఎస్ శబ్దాన్ని 1,024 శాంపిళ్ల కట్టలుగా, అంటే 48 కిలోహెర్ట్జ్‌లో 21.3 మిల్లీసెకన్లకొకటిగా తీసుకుంటుంది. ఏదైనా మూలం ఆలస్యమైతే దానికోసం బఫర్, అంటే శబ్దాన్ని కాసేపు దాచి ఉంచే చోటు, పెంచి అందరినీ ఆపుతుంది. పెంచిన బఫర్ మళ్లీ తగ్గదు, ఓబీఎస్ మూసి తెరిచేదాకా అంతే. 45 కట్టలు, అంటే 960 మిల్లీసెకన్లు హద్దు. అది దాటాక ఆలస్యంగా వచ్చే శబ్దానికి చోటుండదు, తెగిపోతుంది. లాగ్ ఫైల్‌లో ‘మ్యాక్స్ ఆడియో బఫరింగ్ రీచ్‌డ్’ అన్న వాక్యం దీని గుర్తు. పీసీ ఉక్కిరిబిక్కిరి అవడమో, ఒక ఆడియో డివైస్ మొరాయించడమో దీనికి కారణం. రీస్టార్ట్ చేయగానే బాగవుతుంది కాబట్టి ‘మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే పోయింది’ అని చెప్పేవాళ్లలో కొందరిది నిజానికి ఈ బఫర్ ఖాళీ అయిన సంగతే అయి ఉంటుంది.

రెండో పీసీ తీర్చేవి, తెచ్చేవి

ఆడటానికి ఒకటి, స్ట్రీమ్‌కి ఒకటి అని రెండు పీసీలు వాడటం ఒకప్పుడు పెద్ద స్ట్రీమర్ల ఆనవాయితీ. ఎక్స్‌264 నాణ్యత కావాలంటే ప్రాసెసర్ బలం కావాలి, గేమ్ నుంచి దాన్ని లాక్కోకూడదు. ఎన్విడియా 2018లో తెచ్చిన ట్యూరింగ్ తరం నుంచి గ్రాఫిక్స్ కార్డ్‌లోని ఎన్‌కోడర్ చాలా మెరుగైంది. గేమ్ గీసే భాగం నుంచి అది విడిగా ఉండే సర్క్యూట్ కాబట్టి ఒక్క పీసీతోనే సరిపెట్టుకోవచ్చనే వాదన బలపడింది. గేమ్ క్రాష్ అయినా స్ట్రీమ్ నిలబడాలి, ప్రతి ఫ్రేమూ గేమ్‌కే దక్కాలి అనుకునేవాళ్లు మాత్రం ఇప్పటికీ రెండో పీసీనే నమ్ముతారు.

రెండో పీసీ ఎన్‌కోడింగ్ ల్యాగ్‌ని ఆడే పీసీ మీద నుంచి తీసేస్తుంది, శబ్దాన్ని మాత్రం కష్టం చేస్తుంది. గేమ్ శబ్దం హెచ్‌డీఎంఐ ద్వారా క్యాప్చర్ కార్డ్‌కి వెళ్తే మీ హెడ్‌సెట్‌కి వేరే దారి చూడాలి. చాలా కార్డ్‌లు కుదించని పీసీఎం శబ్దాన్నే అందుకుంటాయి. గేమ్ పీసీ కుదించిన సరౌండ్ శబ్దాన్ని పంపుతుంటే బొమ్మ నిక్షేపంగా వస్తుంది, శబ్దం మాత్రం నిశ్శబ్దమో, చిటపటలో అవుతుంది. అక్కడ ఓబీఎస్‌లో ఏ సెట్టింగ్ మార్చినా ప్రయోజనం ఉండదు. మారాల్సింది గేమ్ పీసీలోని సౌండ్ ఫార్మాట్.